పసిబిడ్డ కళ్ళజోడు – తల్లిదండ్రుల నమ్మకం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పసివయసులో చూపు ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
• మాటరాని బిడ్డకు అద్దాల పవరును ఎలా నిర్ణయిస్తారో చెప్పగలుగుతారు.
• తల్లిదండ్రుల నమ్మకం చికిత్సకు ఎప్పుడు తోడవుతుందో, ఎప్పుడు అడ్డవుతుందో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

మాది ఏలూరు జిల్లా దెందులూరు. మా అమ్మాయి కూతురికి ఏడో నెలలో కుడికన్ను ముక్కువైపు తిరుగుతోందని మొదట గమనించింది నా భార్య. "పసిపిల్లలకు అలాగే ఉంటుంది, ఏడాది నిండితే సర్దుకుంటుంది" అన్నాను. ఆమె ద్వారకా తిరుమల వెంకన్నకు వెండి కళ్ళు మొక్కుకుంది. మర్నాడే కంటి డాక్టరు దగ్గరకు వెళదామంది. రెండు నెలలు ఆపింది నేనే. మొక్కులు వైద్యాన్ని ఆలస్యం చేస్తాయని తరగతి గదిలో చెబుతూ వచ్చినవాణ్ణి. మా ఇంట్లో ఆలస్యం చేసింది మొక్కు కాదు, నా ధీమా. ఈ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.

2. చూపు నేర్చుకునే కాలం

బిడ్డ కన్నుతో పుడుతుంది కాని, చూపుతో పుట్టదు. కన్ను పంపే బొమ్మను అర్థం చేసుకోవడం మెదడు క్రమంగా నేర్చుకుంటుంది. రెండు మూడు నెలలకు బిడ్డ తల్లి ముఖాన్ని నిలకడగా చూస్తుంది, కదిలే వస్తువు వెంట కళ్ళు తిప్పుతుంది. ఒక కంటి నుంచి మసకబొమ్మ మాత్రమే అందితే మెదడు ఆ కంటిని పక్కన పెడుతుంది. దీనినే మందదృష్టి అంటారు. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ పిల్లికూనల మీద చేసిన ప్రయోగాలలో, తొలి నెలల్లో మూసి ఉంచిన కంటిని తరువాత తెరిచినా మెదడు దానికి సరిగా స్పందించలేదు. కన్ను బాగానే ఉంది, నేర్చుకునే కాలం దాటిపోయింది. ఈ పరిశోధనలకు వారికి 1981లో నోబెల్ బహుమతి లభించింది.

మా మనుమరాలికి ఉన్నది దూరదృష్టి. పసిపిల్లల్లో చాలామందికి ఇది కొద్దిగా ఉంటుంది, ఎదుగుతున్నకొద్దీ తగ్గుతుంది. ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం స్పష్టంగా చూడడానికి కన్ను శ్రమపడుతుంది, ఆ శ్రమ కన్నును లోపలికి లాగుతుంది. అద్దాలు ఆ శ్రమను తీసేస్తాయి. "మెల్లకన్ను అదృష్టం" అనే మాట మన ప్రాంతంలో వినిపిస్తూనే ఉంటుంది. నాలుగో నెల దాటాక కూడా కన్ను పక్కకు తిరుగుతూ ఉంటే అది అదృష్టం కాదు, పరీక్ష చేయించవలసిన లక్షణం.

3. మాటరాని బిడ్డకు కొలత

అక్షరాలు చదవలేని బిడ్డకు పవరు ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేస్తారు. రెటినోస్కోపు అనే పరికరంతో కంటిలోకి వెలుతురు పంపి, తిరిగివచ్చే వెలుగు ఎటు కదులుతుందో చూస్తారు. ఒక్కొక్క కటకాన్ని అడ్డుపెట్టి ఆ కదలిక ఆగేవరకు మారుస్తారు. బిడ్డ ఒక్క మాట చెప్పనక్కరలేదు, కన్నే చెబుతుంది.

శుక్లంతో పుట్టిన బిడ్డ విషయంలో తొందర ఇంకా ఎక్కువ. శుక్లం దట్టంగా ఉంటే మొదటి రెండు మూడు నెలల్లోపే శస్త్రచికిత్స చేస్తారు. కృత్రిమ కటకం అమర్చకపోతే +20 డయాప్టర్లు, అంతకు మించిన అద్దాలు కూడా అవసరమవుతాయి. పసిబిడ్డ లోకం చేతికందేంత దూరమే కనుక, ఆ అద్దాలను దగ్గరి చూపుకు సరిపోయేలా తయారుచేస్తారు. కంటిపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. అది శుక్లం కావచ్చు, కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. 34 వారాల లోపు, లేదా రెండు కిలోలకు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు 30 రోజుల లోపు రెటీనా పరీక్ష చేయించాలి.

4. నమ్మకానికి రెండు ముఖాలు

మన ప్రాంతంలో బిడ్డ కంటికి ఏదైనా అయితే కొందరు ద్వారకా తిరుమల వెళతారు, కొందరు కొల్లేటికోట పెద్దింట్లమ్మను తలచుకుంటారు, కొందరు గుణదల మేరీమాత కొండ ఎక్కుతారు. ఇవి తల్లిదండ్రులకు ధైర్యాన్నిస్తాయి. అయితే ఒక తేడా గుర్తుంచుకోండి: మొక్కుకు గడువు లేదు, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు తీర్చుకోవచ్చు. కంటికి గడువు ఉంది. కనుక మొక్కు, వైద్యం ఒకేరోజు మొదలుకావచ్చు. ఒకటి ముగిసేదాకా రెండోది ఆగకూడదు. కంట్లో ఆకుపసరు పోయడం, కాటుక పెట్టడం మాత్రం నమ్మకం పేరుతో జరిగే హాని. పసరుతో కంటికి పుండు పడవచ్చు, కాటుకలో సీసం ఉండవచ్చు.

నమ్మకానికి రెండో ముఖం కూడా ఉంది. పెద్దవారికి అద్దాలు పెడితే "బాగా కనబడుతోంది" అంటారు. పసిబిడ్డ చెప్పదు. లాగి పారేస్తుంది. తల్లి రోజుకు ఇరవైసార్లు తీసి పెడుతుంది. "ఇంత పసిదానికి కళ్ళజోడా? రేపు పెళ్ళెలా?" అనే మాటలు పడుతుంది. సాక్ష్యం లేకుండా నెలల తరబడి ఆ పని చేయడానికి కావలసినది నమ్మకమే. చికిత్సలో సగభాగం అదే.

మా మనుమరాలు మొదటి వారం అద్దాలు నేలకేసి కొట్టింది. రెండో వారంలో ఒకరోజు పాలు తాగుతూ ఆగి, వాళ్ళమ్మమ్మ ముక్కుపుడకను వేలితో పట్టుకుంది. అంతకుముందు ఎప్పుడూ దాని జోలికి పోలేదు. పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు వెండి కళ్ళు హుండీలో వేశాం. పిల్ల కళ్ళజోడుతోనే ఉంది. మొక్కు తీరడమంటే అద్దాలు పోవడం కాదని, కన్ను చూడడమని నా భార్య చెప్పింది. నేను మారు మాట్లాడలేదు.

5. ఇంట్లో, ఊళ్లో చేయవలసినవి

వెనుక పట్టీ ఉన్న మెత్తని ఫ్రేము, పగలని పాలికార్బనేట్ అద్దాలు ఎంచుకోవాలి. పాలు తాగేటప్పుడు, ఆడుకునేటప్పుడు పెట్టి అలవాటు చేయాలి. బిడ్డ ఎదుగుతుంది కనుక డాక్టరు చెప్పిన గడువుకు పవరును మళ్ళీ చూపించాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షిస్తారు. అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను అడగండి. ఉన్నత చికిత్సకు విజయవాడ సమీపంలోని తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది.

6. సారాంశం

చూపు నేర్చుకునే కాలం తొలి సంవత్సరాలే. మాటరాని బిడ్డకు కూడా పవరు కొలవవచ్చు. దేవుని మీద నమ్మకం వైద్యానికి శత్రువు కాదు. "దానంతటదే సర్దుకుంటుంది" అనే ధీమాయే శత్రువు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. మందదృష్టి ఎలా ఏర్పడుతుంది?
2. "మొక్కుకు గడువు లేదు, కంటికి గడువు ఉంది" – వివరించండి.
3. మీ ఊరి అంగన్‌వాడీకి వెళ్ళి, పిల్లల కంటి పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందో తెలుసుకొని పది వాక్యాలు రాయండి.