సుత్తి నుంచి ఫసక్ దాకా

అర్థం లేని మాటకు అంత గిరాకీ ఎందుకు?
సరిహద్దు తెలుగు పిల్లలకు ఇంటర్నెట్ నవ్వులే తెలుగు బడి

‘ఫసక్’... నిఘంటువులో వెతికితే దొరికే మాట కాదు. 2018లో నటుడు మోహన్‌బాబు ఓ టీవీ ఇంటర్వ్యూలో యథాలాపంగా అన్నారు. అంతే, కుర్రకారు నోళ్లలో పడింది. మ్యాచ్ ఓడితే ఫసక్, పరీక్ష పోతే ఫసక్, నడిరోడ్డులో బండి ఆగితే ఫసక్. హైదరాబాద్, విజయవాడలతో ఆగలేదు. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్‌లలోని తెలుగు పిల్లలూ అందుకున్నారు. వీరిలో చాలామందికి తెలుగు పేపరు చదవడం రాదు. గోడ మీది క్యాలెండర్ చూసి తిథి చెప్పమంటే తలగోక్కుంటారు. ఫసక్ ఎక్కడ వాడాలో మాత్రం ఒకరు నేర్పక్కర్లేదు.

‘పొద్దస్తమానం ఫోన్లో ఈ పిచ్చి నవ్వులేంటిరా’ అని పెద్దలు విసుక్కుంటారు. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు. కానీ తలాతోకా లేని మాట అంతగా ఎందుకు పాకుతుందో చూస్తే, సరిహద్దుకు అవతల బతికే తెలుగువాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి కనబడుతుంది.

రెండు సుత్తుల కథ

ఇంటర్నెట్ రాకముందూ ఇలాంటివి ఉన్నాయి. జంధ్యాల తీసిన ‘నాలుగు స్తంభాలాట’ 1982లో విడుదలైంది. అందులో వీరభద్రరావు, వేలు జంట పుణ్యమా అని మేకులు కొట్టే సుత్తికి కొత్త అర్థం పుట్టింది. ఎదుటివాడి బుర్ర తినేలా మాట్లాడటం ‘సుత్తి’ అయింది. ఇద్దరికీ అదే ఇంటిపేరైంది. హాలు నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఇంటికి నోటిమాటగా పాకింది. నలభై ఏళ్లు దాటాక ‘సుత్తి కొట్టకు’ అనేవారిలో ఎంతమందికి అది సినిమా మాటని గుర్తుంటుంది? మామూలు తెలుగైపోయింది.

రెండో సుత్తి తమిళులది. 2019 మే నెలలో ఇంజినీరింగ్ విషయాలు పెట్టే ఓ ఫేస్‌బుక్ పేజీ సుత్తి బొమ్మ వేసి, ‘మీ దేశంలో దీన్నేమంటారు?’ అని అడిగింది. ఓ తమిళుడు ‘సుత్తియల్’ అని జవాబిచ్చి, పెయింటింగ్ కాంట్రాక్టర్ నేసమణి తల దీంతోనే పగిలిందని ఒక ముక్క చేర్చాడు. నేసమణి అంటే 2001 నాటి తమిళ సినిమా ‘ఫ్రెండ్స్’లో వడివేలు పాత్ర. సంగతి తెలియనివాళ్లు నిజమేననుకున్నారు. తెలిసినవాళ్లు అందుకున్నారు. ఆస్పత్రి బులెటిన్లు, పరామర్శలు, దర్యాప్తు కబుర్లు... ‘నేసమణి కోసం ప్రార్థించండి’ అనే మాట ట్విట్టర్‌లో ప్రపంచవ్యాప్తంగా మార్మోగింది. నరేంద్ర మోదీ రెండోసారి ప్రధానిగా ప్రమాణం చేసిన వారం అది. దేశమంతా ఢిల్లీ వైపు చూస్తుంటే, లేని మనిషికి తగలని దెబ్బ గురించి లక్షలమంది ‘బాధ’పడ్డారు.

మొదటి సుత్తి ఊళ్లన్నీ తిరగడానికి నెలలు పట్టి ఉంటుంది. రెండోదానికి రెండు రోజులు చాలాయి. తేడా వేగంలోనే. నవ్వు పుట్టిన తీరు ఒకటే.

నవ్వెందుకు వస్తుందంటే...

ప్రశ్నకు తగిన జవాబు వస్తుందని మనసు కాచుకుని ఉంటుంది. సుత్తి పేరడిగితే మనిషి యోగక్షేమాలు వచ్చాయి. అనుకున్నదొకటి, వచ్చిందొకటి. ఎవరికీ నష్టం లేదు కాబట్టి భయం బదులు నవ్వొస్తుంది. పైగా చిన్న విషయాన్ని పెద్ద గొంతుతో చెప్పడం, మంత్రిగారికి వాడే ‘పరిస్థితి నిలకడగా ఉంది’ లాంటి మాట పెయింటింగ్ మేస్త్రికి వాడటం, పెద్దరికాన్ని వెక్కిరించినట్టూ అవుతుంది.

రెండో కారణం, ఇందులో ఎవరైనా చేయి కలపొచ్చు. కథ రాయాలంటే చేయి తిరగాలి. పాట పాడాలంటే గొంతుండాలి. తెలిసిన బొమ్మ మీద ఒక వాక్యం మార్చడానికి అవేవీ అక్కర్లేదు. ఇలా చేతులు మారుతూ రూపం మార్చుకునే వాటికే ‘మీమ్’ అని పేరు. ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ 1976లో పుట్టించిన మాట ఇది. అప్పట్లో ఆయన చెప్పింది ఫోన్ జోకుల గురించి కాదు. రాగాలు, నమ్మకాలు, వేషధారణ ఒకరిని చూసి మరొకరు అనుకరిస్తూ వ్యాపించే తీరు గురించి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర పడిపోయాక, ఆ అనుకరణకు మన పల్లెల్లోనూ దారి దొరికింది.

మూడోదే అసలు కారణం. తెలిసినవాళ్లు లోపల, తెలియనివాళ్లు బయట. ‘క భాష’ గుర్తుందా? ప్రతి అక్షరం ముందు ‘క’ చేర్చి మాట్లాడటం. ‘రేపు రా’ అనాలంటే ‘కరేకపు కరా’. పెద్దల ముందే రహస్యాలు చెప్పుకునేందుకు ఆడపిల్లలు, బడిపిల్లలు గడగడా మాట్లాడేవారు. కొత్త యాస చేసే పనీ అదే. అర్థం ఎంత తక్కువుంటే కంచె అంత గట్టిగా ఉంటుంది.

ఇందుకు తాజా సాక్ష్యం అమెరికా నుంచి వచ్చింది. ‘సిక్స్ సెవెన్’ అంటూ అక్కడి బడిపిల్లలు అరిచే అంకె, డిక్షనరీ డాట్‌కామ్‌కు 2025 సంవత్సరపు పదమైంది. స్క్రిల్లా అనే రాప్ గాయకుడి పాటలోంచి పుట్టింది. అర్థమేమిటని టీచర్లు అడిగితే పిల్లలు ఇంకా నవ్వుతారు. అర్థం లేదు మరి. అడగడమే బయటివాళ్లని పట్టిస్తుంది. ఇలాంటి మాటకు ఆయుష్షూ తక్కువే. నాన్న నోట వినబడిన రోజున పిల్లలు దాన్ని వదిలేస్తారు.

మామా, మచ్చా, భావా

సరిహద్దు పిల్లలకు ఇలాంటి గుంపులు ఒకటి కాదు, రెండు మూడు. హోసూరు కుర్రాడు బడిలో స్నేహితుణ్ని ‘మచ్చా’ అంటాడు, ఇంటి దగ్గర ‘మామా’ అంటాడు. తమిళ మచ్చాన్, తెలుగు మామ ఇద్దరూ పిల్లనిచ్చే వైపు చుట్టాలే. వేళాకోళం ఆడదగిన వరస కాబట్టే స్నేహితులకు అతికింది. బెంగళూరు, కోలారు వైపు ‘మగా’ అంటారు. కన్నడంలో కొడుకని అర్థం, తెలుగు చెవికి ఇంకోలా వినబడుతుంది. షోలాపూర్‌లో మరాఠీ కుర్రాళ్లు ‘భావా’ అని పిలుస్తారు. వాళ్లకది అన్నదమ్ముడు, పద్మశాలి ఇంటి పిల్లాడికి ‘బావా’. వరస తప్పినా స్నేహం తప్పదు.

మాటలు కూడా పర్మిట్ లేకుండా చెక్‌పోస్టు దాటేస్తాయి. తమిళుల ‘వేర లెవెల్’ మన నోట ‘వేరే లెవెల్’ అయింది. వేరే అన్నది మనకూ ఉన్న మాటే గనుక అరువు తెచ్చుకున్నట్టే తెలియదు. రెండు భాషల జోకూ తెలిసిన పిల్లాడికి రెండు గుంపుల్లోనూ చోటుంది. ఇది హైదరాబాద్ పిల్లాడికి లేని లాభం.

మీమ్ మీద తెలుగు మాస్టారు

తెలుగు మీమ్‌లకు రారాజు బ్రహ్మానందం. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఆయన ముఖాన్ని వాడుకుంటారు. ఆయన సినిమాల్లోకి రాకముందు పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో తెలుగు లెక్చరర్. 1987లో జంధ్యాల ‘అహ నా పెళ్లంట’తో పేరు తెచ్చుకున్నారు. క్లాసు వదిలిన ఆ మాస్టారే, బడిలో తెలుగు లేని పిల్లలకు ఇప్పుడు ఫోన్లో కనబడుతున్నారు.

బడిలో తెలుగు ఎందుకు లేదో ఈ పేజీ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. బరంపురం, పర్లాకిమిడి 1936లో ఒడిశాలో చేరాయి. బళ్లారి 1953లో మైసూరుకు వెళ్లింది. ఊరు కదల్లేదు, గీత కదిలింది. తమిళనాడులో 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ 2015-16కు పదో తరగతి చేరింది. భాషా మైనారిటీలు కోర్టుకెక్కారు. దీనికితోడు ఇంగ్లిష్ మీడియం మోజు. యానాంలో తెలుగు అధికార భాషే కాబట్టి అక్కడి పిల్లలకు ఈ ఇబ్బంది లేదు. మిగతా చోట్ల ఇంట్లో తెలుగు మాట ఉంది, చేతిలో తెలుగు రాత లేదు.

ఆ ఖాళీలోకి మీమ్ వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి ఉంటుంది కాబట్టి లిపి రానివాళ్లూ చదివేస్తారు. గోదావరి ఎటకారం, తెలంగాణ మాట, రాయలసీమ విరుపు అన్నీ చెవిన పడతాయి. బాగానే ఉంది. కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో హడావుడిగా రాస్తే కళ్లు, కాళ్లు, కల్లు మూడూ ఒక్కలాగే ఉంటాయి. నవ్వుకు అది చాలు. తాత రాసిన ఉత్తరానికో, పొలం దస్తావేజుకో చాలదు.

నవ్వే నొప్పయితే

కంచె అన్నాక లోపలివాళ్లకు నీడ, బయటివాళ్లకు ముల్లు. తెలుగు అన్న మాటను తిరగేసి పుట్టించారని చెప్పే ‘గుల్టీ’ని తమిళనాడులో ఎంతమంది తెలుగు పిల్లలు భరించలేదు? కొందరు అదే మాట తమ మీద తామే వేసుకుని నవ్వేసి, దాని ముల్లు విరిచారు. అందరికీ అంత గుండె ఉండదు.

ముఖం దొరికిన మనిషికీ తిప్పలే. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో రోడ్డుపక్క భోజనం అమ్మే ఒక మహిళ, గిరాకీకి బిల్లు లెక్క చెబుతూ ‘రెండు లివర్లు ఎక్స్‌ట్రా’ అన్న ముక్క 2024 జనవరిలో ఊరూరా తిరిగింది. చూడటానికొచ్చిన జనంతో ట్రాఫిక్ ఆగింది. పోలీసులు బండి తీయించారు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కల్పించుకున్నాకగాని ఆమె అంగడి నిలబడలేదు. ఆమె జోకు వేయలేదు, లెక్క చెప్పింది. నవ్వింది మనం, బతుకుదెరువు ఊగింది ఆమెది.

ఇక ‘బుర్ర పాడవుతోంది’ అన్న ఫిర్యాదు. ‘బ్రెయిన్ రాట్’ అన్న మాటను ఆక్స్‌ఫర్డ్ సంస్థ 2024 సంవత్సరపు పదంగా ప్రకటించింది. పనికిమాలినవి చూసి మెదడు మొద్దుబారడమని అర్థం. తమాషా ఏమిటంటే, ఆ మాట 1854లోనే అమెరికా రచయిత థోరో పుస్తకం ‘వాల్డెన్’లో ఉంది. ఏ కాలం పెద్దలకైనా ఆ బెంగ తప్పలేదన్నమాట.

ఇంట్లో చేయగలిగిన పని

సరిహద్దులో తెలుగు నిలవాలంటే బడి కావాలి, టీచరు కావాలి, పుస్తకం కావాలి. వాటి కోసం అర్జీలు పెట్టాల్సిందే. ఆ పని మీమ్ చేయదు. కానీ తెలుగులో నవ్వే పిల్లాడు ఇంకా తెలుగు గుంపులోనే ఉన్నాడు. ఫోన్ లాక్కుంటే ఆ ఒక్క తలుపూ మూసుకుంటుంది.

చేయగలిగింది చిన్నదే. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు లిపిలో చూపించే కీబోర్డు ఇప్పుడు ఫోన్లలో ఉచితం. పిల్లాడు పంపే తర్వాతి జోకు తెలుగు లిపిలో పంపమని అడగండి. ‘ఫసక్’ రాయడానికి కావాల్సినవి మూడే అక్షరాలు. వాటితో మొదలుపెట్టినా, మిగతావి నేర్చుకునే ఓపిక ఆ నవ్వే ఇస్తుంది. అర్థం మాత్రం అడక్కండి... అడిగారో, మీరు బయటివాళ్లే!