పాత పెంకుటింటి వంటగది మార్పు: రైతులు పాటించాల్సిన మెళకువలు

పంట చేతికొచ్చి నాలుగు డబ్బులు మిగిలిన ఏడాది చాలామంది రైతులు ఇంటి మరమ్మతు పెట్టుకుంటారు. గూనపెంకులు తీసి స్లాబు గానీ రేకులు గానీ వేయిస్తారు. వంటగది గోడలకు సిమెంటు పూసి టైల్స్ అతికిస్తారు. కట్టెల పొయ్యి మాత్రం పాత చోటే ఉంటుంది. చిక్కంతా ఇక్కడే వస్తుంది.

గూనపెంకుల సందుల్లోంచి పొగ బయటికి పోయేది. స్లాబు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. రెండు నెలల్లో కొత్త గోడలు నల్లబడ్డాయి, అమ్మకు దగ్గు పట్టుకుంది. పొలంలో మందు కొట్టేటప్పుడు గాలివాటు చూడమని రైతులకు చెప్పే నేను, సొంత వంటింట్లో గాలి సంగతి చూసుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఇళ్లలోని పొగ కాలుష్యం వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారు.

పొయ్యి, పొగ

• కప్పు మార్చే ముందే పొగ గొట్టానికి చోటు నిర్ణయించుకోవాలి. గొట్టం ఇంటి కొప్పు కంటే రెండు అడుగులైనా పైకి ఉండాలి. వాసాలకు, దూలాలకు తగలకూడదు. మసిని తరచూ దులపాలి.
• పొగ గొట్టం పొయ్యి మనకు కొత్త కాదు. 1950లలోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి.రాజు ఇలాంటి పొయ్యిని రూపొందించారు.
• ఎదురెదురు గోడల్లో కిటికీలు, పైన గవాక్షం ఉంచాలి.
• గ్యాస్ ఉంటే కట్టెల పొయ్యిని పెరటి పంచలోకి మార్చాలి. రెండూ ఒకే గదిలో వద్దు. గ్యాస్ గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకే గోడ అడుగున కూడా ఒక రంధ్రం ఉండాలి. సిలిండరును నిలువుగా, పొయ్యి కంటే కింద పెట్టాలి.

గోడలు, నేల

• మట్టిగోడకు సిమెంటు పూయించవద్దు. లోపలి చెమ్మ బయటికి రాలేక పూత పెచ్చులుగా ఊడిపోతుంది. సున్నం పూత మేలు.
• నేలకు తాండూరు లేదా బేతంచెర్ల బండలు, వంట గట్టుకు కడప రాయి సరిపోతాయి. గట్టు ఎత్తును వంట చేసేవారి నడుము ఎత్తును బట్టి పెట్టించాలి.
• వాడిన నీటిని పెరట్లో అరటి, చేమ పాదులకు మళ్లించాలి.

విత్తనాలు, పురుగుమందులు

పొయ్యి మీద వేలాడే మొక్కజొన్న కంకులకు, అటక మీది విత్తనాలకు ఇన్నాళ్లూ పొగే రక్షణ. పొగ తగ్గితే పురుగు పట్టే అవకాశం పెరుగుతుంది. కాబట్టి గింజను కొరికితే టక్కున విరిగేదాకా ఎండబెట్టి, చల్లారాక, గాలి చొరబడని డబ్బాల్లో నింపాలి.

పురుగు భయంతో అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను ఇంట్లో బస్తాల మధ్య పెట్టవద్దు. గాలిలోని తేమ తగిలితే వాటి నుంచి ప్రాణాలు తీసే విషవాయువు వస్తుంది. నిద్రలో ఉన్నవారికి తెలియను కూడా తెలియదు. పురుగుమందులు, మందు కలిపిన విత్తనాలు, స్ప్రేయర్లు వంటగదిలోనూ అటక మీదా ఉంచకూడదు. ఇంటికి దూరంగా తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. ఖాళీ మందు డబ్బాల్లో నూనె, పప్పులు పోయవద్దు.

ఖర్చు ఎక్కడ మొదలుపెట్టాలి?

చేతిలో డబ్బు తక్కువైతే ముందు పొగ గొట్టం, కిటికీలు చూసుకోండి. తర్వాత గోడలు, నేల. టైల్స్ వచ్చే ఏడాదికైనా ఆగుతాయి. మేస్త్రీని పిలిచే ముందు, ఆ గదిలో రోజూ వంట చేసే మనిషిని అడగండి. పొగ ఎటు తిరుగుతుందో, ఏ మూల చెమ్మ పడుతుందో, గట్టు ఎక్కడుంటే వీలో ఆమెకు తెలిసినంత మనకు తెలియదు.