పాత వెండి ఫిల్లింగులు తీయించుకోవలెనా?

పిప్పిపన్నును శుభ్రపరచి, ఆ గుంటను వెండి వన్నె గల లోహంతో నింపడం మన పెద్దల కాలం నుండి సాగిన పద్ధతి. దానిని వెండి ఫిల్లింగు అని పిలుచుకొన్నప్పటికీ అందులో దాదాపు సగభాగం పాదరసమే. తక్కినది వెండి, తగరము, రాగి. దంతవైద్యులు దీనినే అమాల్గమ్ అంటారు. ఈ సంగతి విని, "నోటిలో విషం పెట్టుకొని తిరుగుతున్నామా?" అని కలతచెంది, ఉన్నవన్నీ ఒకేసారి తీయించివేయాలనుకొనే వారు నన్ను తరచుగా సలహా అడుగుతున్నారు.

వారికి నేను చెప్పేది ఒక్కటే. గట్టిగా ఉన్న ఫిల్లింగు నుండి నమిలేటప్పుడు వెలువడే పాదరసపు ఆవిరి అతి స్వల్పం. దానిని డ్రిల్లుతో తొలిచేటప్పుడు వెలువడేది అంతకంటె ఎక్కువ. కావుననే అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2020లో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు, మూత్రపిండాల జబ్బు గలవారికి కొత్తగా అమాల్గమ్ వేయకుండుటే మేలని సలహా ఇస్తూ, చక్కగా ఉన్న పాతవాటిని మాత్రం వైద్యపరమైన అవసరం లేనిదే తీయవద్దని చెప్పింది. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుండి, కొద్ది మినహాయింపులతో, విధించిన నిషేధం సైతం కొత్తగా వేసేవాటికే.

అంచు విరిగినా, అడుగున మరల పిప్పి పట్టినా, కొరికినప్పుడు పన్ను జివ్వుమన్నా, పాదరసం పడదని వైద్యుడు నిర్ధారించినా మార్పించుకోవలసిందే. నాకున్న రెండు ఫిల్లింగులలో అంచు విరిగినదానిని మార్పించుకొన్నాను. చెక్కుచెదరని రెండవదానిని కదిలించలేదు.

మార్పించుకొనే ముందు దంతవైద్యుని ఈ విషయాలు అడగండి:

• పంటి చుట్టూ రబ్బరు పొర అమర్చుతారా?
• తొలుస్తున్నంతసేపూ చల్లని నీరు ధారగా పడుతుందా? బలమైన సక్షన్ గొట్టం ఉన్నదా?
• పొడిగా అరగదీయక, ముక్కలుగా కోసి తీస్తారా?
• గదిలో గాలి ధారాళంగా ఆడుతుందా?
• తీసిన ముక్కలను కాలువలోనికి వదలక, మూతగల డబ్బాలో భద్రపరుస్తారా?

గర్భిణులు, బాలింతలు అత్యవసరమైతే తప్ప ఈ పనిని వాయిదా వేసుకొనుట మంచిది. పాతదాని స్థానంలో పంటి రంగు గల కాంపోజిట్, గ్లాస్ అయొనోమర్, సిరామిక్‌లలో ఏది తగినదో గుంట పరిమాణాన్ని బట్టి వైద్యుడే నిర్ణయిస్తాడు.

ఇక మన వైద్యం మాట. శోధన సంస్కారాలు జరుపనిదే పాదరసాన్ని ఔషధంగా వాడరాదని రసశాస్త్రం నిర్దేశించింది. అయితే ఒంటిలోని పాదరసాన్ని కడిగివేస్తామంటూ అమ్మే చూర్ణాలను నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. నువ్వులనూనెను నోటినిండా పట్టి, కాసేపు కదల్చక ఉంచి ఉమ్మివేసే గండూషం నోటి పరిశుభ్రతకు తోడ్పడుతుంది, పాదరసాన్ని లాగివేయదు. లవంగతైలం తడిపిన దూది నొప్పిని కొన్ని గంటలు అణచగలదు. విరిగిన ఫిల్లింగును అతికించలేదు. నొప్పి తగ్గిందని వైద్యుని వద్దకు వెళ్ళడం మానితే, ఒక ఫిల్లింగుతో పోయేది పన్నునే తీయించుకొనేదాకా వస్తుంది.