చదివిన పేజీకో లెక్క!

రోజుకి ఎన్ని అడుగులు వేశామో ఫోన్ ఠక్కున చెప్పేస్తుంది. మరి ఎన్ని పేజీలు చదివామో? అది చెప్పే యాప్‌ని ఎవరికి వాళ్లే తయారుచేసుకోవచ్చు.

ధర్మవరంలో రైలెక్కితే పెనుకొండ దాటి హిందూపురం చేరేలోపు ఓ మంచి కథ హాయిగా చదివేయొచ్చు. ఒకప్పుడు ఈ దారిలో చేతిలో వారపత్రికో నవలో ఉండేది. ఇప్పుడో... అందరి చూపూ ఫోన్లోనే. నిజం చెప్పొద్దూ, నాదీ అంతే! సంచిలో పెట్టుకున్న నవల నాలుగు ప్రయాణాలైనా 20వ పేజీ దాటలేదు. చదువు చెడగొట్టింది ఫోనైతే లెక్క కూడా దాంతోనే చెప్పిద్దామనిపించింది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. పుస్తకాల లెక్క రాసుకునే గుడ్‌రీడ్స్ 2007లోనే వచ్చింది. 2013లో దాన్ని అమెజాన్ కొనుక్కుంది. బ్రిటన్‌లో నదియా ఒడునాయో అనే ఇంజినీరు 2019లో తన సరదా కోసం ఒంటరిగా మొదలుపెట్టిన పనే స్టోరీగ్రాఫ్‌గా మారింది.

'మరి వాటిలోనే రాసుకోవచ్చుగా' అంటారేమో. చిక్కంతా మన తెలుగు పుస్తకాలతోనే. అట్ట వెనక ఉండే 13 అంకెల ఐఎస్‌బీఎన్‌ని స్కాన్ చేస్తే చాలు, ఆ యాప్‌లు పుస్తకాన్ని పట్టేస్తాయి. పాత తెలుగు నవలల్లో చాలావాటికి అసలు ఆ నంబరే ఉండదు. అందుకే సొంత యాప్.

ప్రోగ్రామింగ్ రాదని భయపడక్కర్లేదు. గూగుల్ షీట్‌లో పుస్తకం పేరు, రచయిత, భాష, మొదలుపెట్టిన రోజు, ముగించిన రోజు, ఎవరికిచ్చాం... ఇలా గడులు గీసుకోవాలి. 2020లో గూగుల్ కొన్న యాప్‌షీట్ ఆ పట్టికనే ఫోన్లో యాప్‌లా చూపిస్తుంది. సొంతానికి ప్రయత్నించి చూడ్డానికి డబ్బు కట్టే పనిలేదు. పిల్లలు తామే కట్టాలని సరదాపడితే ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ ఉంది. కోడ్ రాయకుండా రంగురంగుల దిమ్మెలు అతికించుకుంటూ పోవడమే. ఓ ఆదివారం భోజనం చేసి కూర్చున్నాను. కాఫీ వేళకి నా యాప్ సిద్ధం!

మొదటి తంటా పెనుకొండతోనే వచ్చింది. పుట్టపర్తి నారాయణాచార్యుల 'పెనుగొండ లక్ష్మి'ని ఎక్కించి, తర్వాత 'పెనుకొండ' అని వెతికితే లేదంది. మనకి రెండూ ఒకే ఊరు. కంప్యూటరుకి 'క' వేరు, 'గ' వేరు. చివరికి 'మారుపేరు' అని ఇంకో గడి పెట్టాల్సి వచ్చింది.

అన్నట్టు, చిన్నవయసులో తాను రాసిన ఆ కావ్యమే పాఠ్యపుస్తకంగా ఉండగా విద్వాన్ పరీక్ష రాసిన ఘనత పుట్టపర్తి వారిది. పెనుకొండలో ఉన్నప్పుడు సబ్‌కలెక్టర్ భార్య పిట్ దొరసాని దగ్గర ఆంగ్ల సాహిత్యం చదువుకున్నారు. 14 భాషలు తెలిసిన మనిషి! ఆయన్ని తలుచుకునే 'భాష' గడి పెట్టాను. కన్నడం పక్కింటి భాషైన ఈ ప్రాంతంలో నా పట్టికలో కన్నడ పుస్తకం ఒక్కటీ లేదని తేలింది. కాస్త సిగ్గేసింది.

అసలు ప్రమాదం మాత్రం పేజీల లెక్కతో వచ్చింది. రోజుకి 25 పేజీలని లక్ష్యం పెట్టుకున్నాక సన్న పుస్తకాలు, పెద్దక్షరాల పుస్తకాలు ఏరుకోవడం మొదలెట్టాను. బాగున్న పేరా దగ్గర ఆగితే లెక్క తప్పుతుందని పరుగులు! చదవడం మానేసి మార్కులు వేసుకుంటున్నానని అర్థమై, పేజీల గడి పీకేశాను. దాని స్థానంలో 'గుర్తుండిపోయింది' అని ఒకే ఒక్క వాక్యం రాసుకునే చోటు పెట్టాను. చదివింది కళ్లకేనా, మనసుకీ ఎక్కిందా అన్నది అక్కడ తెలిసిపోతుంది. కొన్ని పుస్తకాల ఎదుట ఆ గడి ఖాళీగానే ఉంది మరి.

ఆ నవల సంగతా? హిందూపురం ప్లాట్‌ఫాం కనపడేసరికి 140వ పేజీలో ఉన్నాను. ఇక 'ఎవరికిచ్చాం' గడిలో మూడు పేర్లున్నాయి. ముగ్గురూ బంధువులే, అడగడానికే మొహమాటం.