బేర్‌బోన్ కంప్యూటరు

బేర్‌బోన్ కంప్యూటరు అనగా పెట్టె, మదర్‌బోర్డు, పవర్ సప్లై మాత్రమే అమర్చి అమ్మే అసంపూర్ణ కంప్యూటరు. ప్రాసెసరు, మెమరీ, హార్డ్‌డిస్కులను కొన్నవారే సమకూర్చుకోవాలి. తైవానుకు చెందిన షటిల్ సంస్థ 2001లో విడుదల చేసిన ఎస్‌వి24తో వీటిలో చిన్న పెట్టెల రకం ప్రాచుర్యం పొందింది.

తక్కువ ఖర్చులో కంప్యూటరు కావాలనుకునేవారు కొనుగోలు ధరతో పాటు మరమ్మతు ఖర్చును కూడా లెక్కించాలి. చిన్న బేర్‌బోన్‌లలో మదర్‌బోర్డు, పవర్ సప్లై తరచుగా ఆ పెట్టెకే సరిపోయే ప్రత్యేక కొలతలతో ఉంటాయి. బోర్డు కాలిపోతే బజారులో దొరికే మరొకటి అందులో ఇమడదు. ఒక్కొక్కసారి పెట్టె మొత్తాన్ని మార్చవలసి వస్తుంది. విడిభాగాలతో స్వయంగా కూర్చుకొన్న కంప్యూటరుకు ఈ చిక్కు తక్కువ. ఇంటెల్ 1995లో ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ కొలతలను పాటించే పెట్టెలో వేరే సంస్థల బోర్డులు కూడా అమరుతాయి. పాత పెట్టె, హార్డ్‌డిస్కు చేతిలో ఉన్నవారికి ఇదే చౌక. బల్లపై చోటు తక్కువగా ఉండి, గ్రాఫిక్స్ కార్డు అవసరం లేనివారికి మాత్రం బేర్‌బోన్ సరిపోతుంది. అయితే వీటిలో కొన్నిటికి లాప్‌టాప్ మెమరీయే పడుతుంది కనుక, మెమరీ కొనే ముందు ఆ సంగతి చూసుకోవాలి.