నదీ విహారం: బస్తర్ నీటిలో సుఖమెంత, కష్టమెంత?

సెలవులను నీటిమీద గడపాలన్న కోరిక మన మధ్యతరగతి కుటుంబాలకు కొత్తదేమీ కాదు. పాపికొండల లాంచీ, కేరళలోని అలప్పుళ పడవ ఇల్లు, కాశీ ఘాట్ల ముందు సాయంకాలపు నావ చాలామందికి పరిచితమైనవే. వారణాసి నుంచి అస్సాంలోని దిబ్రూగఢ్ వరకు 51 రోజుల యాత్రకు ‘గంగా విలాస్’ నౌక 2023 జనవరి 13న బయలుదేరిన నాటి నుంచి ఈ వ్యాపారానికి జాతీయస్థాయిలో ప్రచారం లభించింది. ఈ ఊపు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ దాకా రాగలదా అన్న ప్రశ్నకు జవాబు ఇంద్రావతి ప్రవాహంలోనే ఉంది.

ఒడిశాలోని కలహండి కొండలలో జన్మించిన ఇంద్రావతి, జగదల్‌పూర్ పట్టణాన్ని ఒరుసుకుంటూ పడమరగా సాగి, సుమారు 535 కిలోమీటర్లు ప్రయాణించి బీజాపూర్ జిల్లా భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తుంది. పటంలో చూసినవారికి ఇది చక్కని జలమార్గంగానే తోస్తుంది. అయితే జగదల్‌పూర్ దాటిన తరువాత దాదాపు 38 కిలోమీటర్ల దూరంలో నది ఒక్కసారిగా 95 అడుగుల లోతుకు దూకుతుంది. అదే చిత్రకోట్ జలపాతం. అక్కడి నుంచి దిగువకు పోతే బార్సూరు సమీపాన సాత్‌ధార్ వద్ద నది బండల మధ్య ఏడు పాయలుగా చీలిపోతుంది. గంగా విలాస్ వంటి నౌక తేలడానికి 1.4 మీటర్ల లోతు చాలునంటారు. ఆ మాత్రం లోతు కూడా ఈ రాతి గర్భంలో వరుసగా పది కిలోమీటర్లు దొరకడం కష్టమే. పైగా దిగువ ప్రాంతమంతా దట్టమైన అడవి. దశాబ్దాల తరబడి తుపాకుల మోతతో బయటివారికి దూరంగా ఉండిపోయిన సీమ.

కాబట్టి బస్తర్‌లో నదీ విహారమంటే చిత్రకోట్ దిగువ మడుగులో స్థానికులు నడిపే చిన్న పడవ ప్రయాణమే. దానిని తక్కువ చేసి మాట్లాడనక్కరలేదు. అర్ధచంద్రాకారపు రాతి గోడ మీది నుంచి పడే నీటికి ఎదురుగా పడవ నిలిచినప్పుడు తుంపరలు ముఖాన్ని తడుపుతాయి. ఎండ పొడ సోకితే ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. పెద్ద నౌకలో అద్దాల వెనుక కూర్చున్నవారికి ఈ అనుభవం దక్కదు. పడవవాడికి ఇచ్చిన పైకం కూడా ఆ ఊరిలోనే మిగులుతుంది. పట్టణం నుంచి వంటసరుకులతో సహా సర్వం మోసుకువచ్చే పెద్ద విహార నౌకల వల్ల తీరగ్రామాలకు ఒరిగేది స్వల్పమే.

చిక్కు అంతా రుతువుతోనే. జులై నుంచి అక్టోబరు వరకు జలపాతం వెయ్యి అడుగుల వెడల్పుకు చేరువగా విస్తరించి ఎర్రమట్టి నీటితో భీకరంగా దూకుతుంది. చూడటానికి అదే అదను. కాని ఆ సమయంలో పడవలు సాగవు, సాగకూడదు కూడా. వేసవిలో పడవ నిర్భయంగా తిరుగుతుంది. అప్పుడు జలపాతమే సన్నని ధారలుగా కుంచించుకుపోతుంది. ఎగువన ఇంద్రావతి నీరు జోరా నాలా గుండా శబరి వైపు మళ్ళిపోవడం ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల మధ్య చాలాకాలంగా నలుగుతున్న వివాదం. ఎండాకాలంలో చిత్రకోట్‌కు వెళ్ళి నిరాశతో తిరిగివచ్చే యాత్రికుడికి ఆ వివాదంతో తనకూ సంబంధం ఉందని తెలియకపోవచ్చు.

గంటల తరబడి నదిమీద సాగే యాత్ర కావాలనుకునేవారు దక్షిణానికి రావాలి. బస్తర్ దక్షిణపు కొసన ఉన్న కోంటా మీదుగా శబరి ప్రవహించి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ దిగువనే పోచవరం వద్ద పాపికొండల లాంచీలు ఎక్కవచ్చు. మూటాముల్లె మాటిమాటికీ దించి ఎక్కించే బాధ లేకపోవడం, మోకాళ్ళ నొప్పుల పెద్దలు కూడా కూర్చున్నచోటి నుంచే కొండలనూ అడవినీ చూడగలగడం ఇక్కడి సౌఖ్యం. రోడ్డు ప్రయాణంలో ఇది లేదు. కాని లాంచీ ఎక్కినవారి కాలం వారి చేతిలో ఉండదు. పేరంటాలపల్లిలో ఇంకొక గంట గడపాలనిపించినా సరంగు కూత వేస్తే పరుగెత్తవలసిందే. భోజనం నచ్చకపోయినా, పైఅంతస్తులో పాటల హోరు భరించలేకపోయినా దిగిపోయే దారి లేదు.

అంతకన్నా పెద్ద లోపాన్ని 2019 సెప్టెంబరు 15 చూపింది. దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద 77 మందితో వెళ్తున్న రాయల్ వశిష్ఠ బోటు వరద గోదావరిలో మునిగింది. ప్రాణాలతో బయటపడినవారు 26 మంది మాత్రమే. మునిగిన బోటును అక్టోబరు 22న గానీ ఒడ్డుకు చేర్చలేకపోయారు. నాడు నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఉంది. ఆ స్థితిలో బోటు కదలడమే నేరం. అంతకు ముందు 2017 నవంబరులో కృష్ణా నదిపై పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. ప్రమాదాల తరువాత ఆంక్షలు పెరిగాయి, బోట్ల రాకపోకలపై నియంత్రణ గదుల ఏర్పాటు జరిగింది. అయినా ప్రయాణికులు తమ జాగ్రత్త తాము మానరాదు. చొక్కా మీద తొడిగిన రక్షణ కవచానికి పట్టీలు బిగించారా, ఎక్కినవారి సంఖ్య పరిమితికి లోబడి ఉందా అని అడగడానికి మొహమాటం ఎందుకు? ఒడ్డున ఏదో కనబడిందని అందరూ పైఅంతస్తులో ఒకేవైపుకు ఉరకడం వల్ల బోటు ఒరిగే ప్రమాదం ఉంటుందని సరంగులందరికీ తెలుసు. ఆ మాట ప్రయాణికులకు ముందుగా చెప్పేవారే తక్కువ.

బార్సూరు దగ్గర బోధ్‌ఘాట్ జలవిద్యుత్ పథకానికి 1979లో శంకుస్థాపన జరిగింది. అడవులు, ఆదివాసీ గ్రామాలు మునుగుతాయన్న అభ్యంతరాలతో అది నిలిచిపోయింది. ఆ ఆలోచన మాత్రం ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ తలెత్తుతూనే ఉంది. అది పూర్తయితే ఇంద్రావతిపై పెద్ద నౌకలకు కావలసిన నిశ్చల జలాలు ఏర్పడవచ్చు. అలాంటి విహారానికి చెల్లించే మూల్యం టికెట్టు మీద అచ్చు వేసి ఉండదు.

ప్రస్తుతానికి తెలుగు ప్రాంతాల నుంచి వెళ్ళేవారికి నవంబరు అనువైన మాసం. వర్షాలు వెనుకపట్టినా చిత్రకోట్‌లో నీరు ఇంకా నిండుగానే ఉంటుంది, పడవలూ తిరిగి నీటిలోకి దిగుతాయి. విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ మార్గపు రైలులో జగదల్‌పూర్ చేరవచ్చు. తిరుగు ప్రయాణంలో సుకుమా, కోంటాల మీదుగా భద్రాచలం వస్తే పోచవరం లాంచీ అందుతుంది. నదిలో నీటిమట్టం ఎంత ఉందో భద్రాచలంలోనే విచారించి, బాగా పెరిగి ఉంటే ఆ రోజు రాముడి దర్శనంతో సరిపెట్టుకోవచ్చు.