అమ్మ కలిపింది... కొడుకు తీసేశాడు

పుట్టపర్తిలో రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. సత్యసాయి బాబా ఆశ్రమం ప్రశాంతి నిలయంలో ముందు ఓంకారం, తర్వాత సుప్రభాతం, ఆపైన నగర సంకీర్తన. ఒకరు పాదం అందుకుంటారు, మిగతావాళ్లు దాన్నే తిరిగి అంటారు. మొదట నెమ్మదిగా, రెండోసారి జోరుగా, చప్పట్లతో. అనంతపురం పల్లెల వాళ్లకు ఈ వరస కొత్తది కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే ఈ మెట్టసీమలో చెక్కభజన నడిచేదీ ఇలాగే: గురువు ఎత్తుకోవాలి, బృందం అందుకోవాలి.

ఈ భజనకు అమెరికాలో ఒక దూరపు చుట్టం ఉంది. అది 1982లో క్యాసెట్‌గా వచ్చింది. పేరు ‘తురీయ సింగ్స్’. అందులో పాటలన్నీ మనకు తెలిసిన నామాలే: ‘జగదీశ్వర్’, ‘జై రామచంద్ర’, ‘కృష్ణ కృష్ణ’, ‘గోవింద హరి’. పాడింది డెట్రాయిట్‌లో పుట్టిన నల్లజాతి జాజ్ విద్వాంసురాలు ఆలిస్ కోల్ట్రేన్. గొంతు చుట్టూ ఆర్గన్, సింథసైజర్, తీగ వాద్యాలు అలలు అలలుగా లేస్తుంటాయి. ఇది భజనా, జాజా, ఎలక్ట్రానిక్ సంగీతమా అంటే ఒక్క మాటలో చెప్పడం కష్టం. అసలు తగువు మాత్రం 2021లో వచ్చింది. ఆమె కొడుకు ఆ సింథసైజర్‌నీ తీగ వాద్యాలనీ పక్కన పెట్టి, వట్టి గొంతు, ఆర్గన్ మాత్రమే ఉన్న రూపాన్ని ‘కీర్తన్: తురీయ సింగ్స్’ పేరుతో విడుదల చేయించాడు. అప్పటినుంచి అభిమానులది రెండు దారులు.

ముందు ఆలిస్ గురించి కొంచెం చెప్పుకోవాలి. 1937లో పుట్టిన ఆమె చిన్నప్పుడు చర్చిలో ఆర్గన్ వాయించింది. జాజ్ చరిత్రలో మహామహుడనదగ్గ శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్‌ను 1965లో పెళ్లాడింది. ఆ ఏడే పుట్టిన కొడుక్కి పండిట్ రవిశంకర్ మీద అభిమానంతో రవి అని పేరు పెట్టుకున్నారు. రెండేళ్లకే, 1967 జులైలో, జాన్ కన్నుమూశాడు. పిల్లలు, దుఃఖం, నిద్రలేని రాత్రుల మధ్య ఆమెకు యోగ గురువు స్వామి సచ్చిదానంద పరిచయమయ్యారు. 1970 చివర్లో ఆయనతో భారతదేశం వచ్చింది. కొన్నేళ్లకు సన్యాసం తీసుకుని తురీయసంగీతానంద అయింది. జాగ్రత్, స్వప్న, సుషుప్తులను దాటిన నాలుగో అవస్థే తురీయమని మాండూక్యోపనిషత్తు చెబుతుంది కదా, ఆ పేరులోనే ఆమె ఎటు పోదలచుకుందో ఉంది. కాలిఫోర్నియా కొండల్లో ఆశ్రమం పెట్టింది. సత్యసాయి బాబా మీద భక్తితో దాని పేరు తర్వాత ‘సాయి అనంతం’గా మారింది.

1978 తర్వాత ఆమె చాలా ఏళ్లపాటు పెద్ద కంపెనీలకు రికార్డులు చేయడం మానేసింది. ‘తురీయ సింగ్స్’ తన సొంత సంస్థ ద్వారా, ముఖ్యంగా భక్తుల కోసం తెచ్చిన క్యాసెట్. అందులోనే ఆమె మొదటిసారి ఒంటరిగా గొంతెత్తి పాడింది. ఎవరి మెప్పు కోసం పాడింది అని అడిగితే, బజారులో ఎవరి కోసమూ కాదు. క్యాసెట్ బయటి లోకానికి చేతులు మారుతూ, నకళ్లు అవుతూ చేరింది. దొరకని వస్తువుకు ఉండే ఆకర్షణ దీనికీ అబ్బింది.

ఆ సింథసైజర్ ఎందుకు? భజనలో యంత్రమేమిటని మొదటిసారి విన్న తెలుగువాళ్లు మొహం చిట్లించవచ్చు. కానీ మన భజన మందిరంలో కూర్చున్న హార్మోనియం కూడా ఐరోపా నుంచి వచ్చినదే. దాని మెట్టు మీద స్వరం నిలబడుతుంది తప్ప జారదు, గమకం పలకదు. ఆ వంకతోనే 1940లో ఆలిండియా రేడియో దాన్ని బహిష్కరించి దశాబ్దాల పాటు గుమ్మం తొక్కనివ్వలేదు. ఆలిస్ వాడిన ఓబర్‌హైమ్ సింథసైజర్‌లో స్వరాన్ని వంచే మీట ఉంటుంది. దాన్ని కదిపితే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుకుంటూ పోవచ్చు. ఆమె దాన్ని ధారాళంగా వాడింది. గమకం విషయంలో హార్మోనియం కన్నా ఆ కరెంటు పెట్టే మనకు దగ్గరి బంధువు!

మెచ్చనివాళ్ల వాదన వేరు. ఆ ధ్వని సినిమాలో స్వర్గం చూపించేటప్పుడు వేసే పొగలా ఉందని, గొంతును మింగేసిందని వాళ్లంటారు. మెచ్చినవాళ్లకు ఆ పొగే ప్రాణం. ఆ గొంతు భూమ్మీది మనిషిది, చుట్టూ ఉన్నది ఆకాశం; రెండూ ఉంటేనే పాట అని వాళ్ల నమ్మకం.

రవి కోల్ట్రేన్ కూడా శాక్సోఫోన్ విద్వాంసుడే. 2004లో తల్లి చేత ‘ట్రాన్స్‌లీనియర్ లైట్’ ఆల్బమ్ చేయిస్తున్న రోజుల్లో ఆయనకు గొంతు, వర్లిట్జర్ ఆర్గన్ మాత్రమే ఉన్న పాత టేపులు కనబడ్డాయి. ఆశ్రమంలో ఆదివారాలు అమ్మ వాయిస్తూ పాడుతుంటే విన్నది ఇదే కదా అనిపించింది. తల్లి 2007లో వెళ్లిపోయింది. పైపూతలు లేని ఈ రూపాన్ని జనం వినాలని ఆయన అనుకున్నాడు, 2021 జులైలో ఇంపల్స్ సంస్థ విడుదల చేసింది. అంటే ఇక్కడ తీసేయడమంటే చెరిపేయడం కాదు. పునాది టేపు దొరికింది, మేడ కట్టకుండా దాన్నే చూపించాడు.

విచిత్రమేమిటంటే ఈ కుటుంబం ఇలాంటి పేచీని అంతకు దాదాపు యాభై ఏళ్ల ముందే ఒకసారి చూసింది. అప్పుడు బోనులో నిలబడింది ఆలిసే. 1972లో ఆమె ‘ఇన్ఫినిటీ’ అనే ఆల్బమ్ తెచ్చింది. భర్త 1965, 66ల్లో రికార్డు చేసి వెళ్లిన సంగీతం మీద తీగ వాద్యాలూ తన హార్ప్ వాద్యమూ తంబురా చేర్చింది. కొన్నిచోట్ల అసలు బాస్ వాద్యాన్ని తీసి చార్లీ హేడెన్‌తో కొత్తగా వాయింపజేసింది. విమర్శకులు మండిపడ్డారు. చనిపోయినవాడి పని మీద చేయి వేయడానికి నీకేం హక్కు అన్నారు. ఆ సంగీతంలోకి ఇంకా ఏయే ధ్వనులు రావచ్చో ఆయనే తనతో మాట్లాడాడని ఆమె జవాబిచ్చింది. దంపతుల మధ్య మాటకు సాక్ష్యం ఎవరు చెబుతారు? భర్త సంగీతానికి ఆమె కలిపింది, ఆమె సంగీతం నుంచి కొడుకు తీశాడు. ఇద్దరూ చెప్పింది ఒకటే మాట: మాకు తెలుసు, మేం పక్కనే ఉన్నాం.

మన దగ్గర ఇలాంటి ప్రశ్నకు పెద్ద ఉదాహరణ అనంతపురం జిల్లావాడి చేతుల్లోనే ఉంది. అన్నమయ్య కీర్తనలు తిరుమలలో రాగి రేకుల మీద దొరికాయి. వాటి మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది, స్వరం లేదు. రాళ్లపల్లి గ్రామంలో 1893లో పుట్టిన అనంతకృష్ణ శర్మ తిరుపతి దేవస్థానంలో ఆ కీర్తనలను పరిష్కరించి ఎన్నింటికో స్వరాలు కట్టారు. అన్నమయ్య మనసులో ఉన్న వరస అదేనా? ఆ ప్రశ్నతో మనం పేచీ పెట్టుకోలేదు, పాడుకున్నాం. అయితే ఒక తేడా మరవకూడదు. అన్నమయ్య వరస దొరకలేదు కాబట్టి కొత్తది కట్టారు. ఆలిస్ వరస దొరకనిది కాదు. ఆమె దగ్గరుండి కలిపి, ఒప్పుకుని, తన పేరు పెట్టి ఇచ్చిన క్యాసెట్ ఉంది.

అందుకే రవి పని తప్పు కాకపోయినా, వరుస తప్పిందని అనిపిస్తుంది. ‘కీర్తన్’ వచ్చేనాటికి 1982 నాటి రూపం అధికారికంగా మళ్లీ రానేలేదు. అమ్మ ఒప్పుకున్నదాన్ని ముందు చేతికిచ్చి, తర్వాత అమ్మ ఇంట్లో పాడింది ఇదీ అని వినిపిస్తే గొడవ సగం తగ్గేది. వింటే మాత్రం ‘కీర్తన్’ కదిలిస్తుంది. లోతుగా, కాస్త బొంగురుగా, తొందరలేని గొంతు. ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతుంది. ఒకటే లోటు. భజనలో తిరిగి అనేవాళ్లు ఉండాలి, ఇక్కడ ఎవరూ లేరు. అది విన్నాక పాత క్యాసెట్‌కు వెళితే సింథసైజర్ పని వేరేగా తోస్తుంది. బృందం అందుకోవాల్సిన చోట ఆ తీగల అల వచ్చి అందుకుంటోందేమో! ఆమె అలా చెప్పలేదు, ఇది వినేవాడి ఊహ మాత్రమే.

తెలుసుకోవాలంటే ‘జగదీశ్వర్’ ఒక్కటి చాలు. 1982 క్యాసెట్‌లో అది తీగల మధ్య ఉంటుంది, 2021లో ఆర్గన్ పక్కన ఒంటరిగా ఉంటుంది. మధ్యలో 2004 నాటి ‘ట్రాన్స్‌లీనియర్ లైట్’లో ఆలిసే దాన్ని పాట లేకుండా, వాద్యాలతోనే వాయించింది. తన గొంతును తనే తీసేసిందన్నమాట.

ఆమె బతికుండగా వచ్చిన చివరి ఆల్బమ్ అదే. అందులో చివరి అంశం పేరు ‘సత్యసాయి ఈశ’. ఆ పాట దగ్గర మాత్రం ఆమె ఒంటరి కాదు, సాయి అనంతం ఆశ్రమ గాయక బృందం ఉంది.